మూడు మేడల మనిషి

ఈమధ్య ఒక వారపత్రికలో మద్రాసు మౌంట్ రోడ్డు మీది పద్నాలుగు అంతస్తుల మేడ ఫొటో వేశారు. పాత నగరాల గురించిన వ్యాసం అది. అందరూ ఆ మేడ ఎత్తు చూస్తారు. నేను మొదట పైకప్పు అంచు చూశాను. తర్వాత నా చూపు గోడ వెంట కిందికి దిగి, కాలిబాట దగ్గర ఆగి, అక్కడ ఖాళీ స్థలం ఎంత ఉందో వెతికింది. మేడలను ఇలా చూడటం నాకు చదువు నేర్పింది కాదు. ఎనభైలలో మాచర్లలో ఒక మనిషి పక్కన కూర్చోవడం వల్ల అంటుకున్న అలవాటు.

అతను పోయాడన్న సంగతి నాకు బస్సులో ఎవరో మాటల మధ్యలో చెప్పారు. చెప్పినాయనకు అతని పేరు తెలియదు. "సినిమా హాలు కాడ కుంటోడు" అన్నాడు. నేనూ పేరు రాయడం లేదు. అతను దూకిన సినిమాలో అతని పేరు వేయలేదు. అందుకు అతను బాధపడగా నేనెన్నడూ చూడలేదు. అతను అడిగింది వేరు.

ఆ రోజుల్లో పల్నాడులో మద్రాసు చూసినవాళ్లు తక్కువ, ఆ మేడను చూడనివాళ్లు అంతకంటే తక్కువ. సినిమాల్లో హీరో పట్నం చేరాడని చెప్పాలంటే ముందు రైల్వే స్టేషను గడియారం చూపేవారు, వెంటనే ఈ మేడను చూపేవారు. కెమెరా దాని నెత్తిన మొదలై పాదాల దాకా దిగేది. నేల టిక్కెట్టులో కూర్చున్న క్వారీ కూలీలు కెమెరాతో పాటు తలలు దించేవారు. దొంగనోట్ల ముఠా ఉండేది అందులోనే, చివరి కొట్లాట జరిగేది దాని పైకప్పు మీదే. గురజాల హాల్లో ఒక ముసలావిడ దాన్ని "దూకే మేడ" అనడం నేను విన్నాను. అందులో గుమాస్తాలు కూర్చుని కాగితాలు రాసుకుంటారని చెబితే ఆమె నమ్మి ఉండేది కాదు.

నేను అప్పుడు నరసరావుపేట కేంద్రంగా సినిమా హాళ్ల ప్రొజెక్టర్లు బాగుచేసేవాణ్ణి. ఎలక్ట్రికల్ డిప్లొమా చేసిన వాళ్లకు ఆ ప్రాంతంలో అంతకంటే నిలకడైన పని దొరికేది కాదు. మాచర్ల హాల్లో కార్బన్ కడ్డీల వెలుగు ఎర్రబారుతోందంటే, కరెంటు సరఫరా చేసే పాత రెక్టిఫయర్ తీసేసి కొత్తది బిగించడానికి వెళ్లాను. ఎదుటి టీకొట్టు బల్ల మీద కూర్చుని ఉంటే పక్కనున్న మనిషి, పరిచయం లేకుండానే, హాలు పైభాగం వైపు గడ్డం ఎత్తి చూపి అన్నాడు:

"ఈ హాలుకు పిట్టగోడ దండగ సారూ. ఇటిక నిలువుగా పెట్టారు. కాలు ఆన్చామా, ఊడొస్తది. దూకేవోడికి మొదటడుగు గట్టిగా ఉండాల."

తాపీమేస్త్రీ అనుకున్నాను. ముప్పై అయిదు దాటిన వయసు, పొట్టి మెడ, వెడల్పాటి రొమ్ము. లేచినప్పుడు గాని కాలు కనిపించలేదు. కుడి పాదం బయటికి తిరిగి ఉండేది. అడుగు వేసినప్పుడల్లా నడుము ఆ పక్కకు కుంగి లేచేది. హాలు సైకిల్ స్టాండులో పని అతనిది. ఆట మొదలయ్యేదాకా సీట్ల మీద సుద్దముక్కతో నంబర్లు వేసి, ఆ తర్వాత టీకొట్టుకు వచ్చి కూర్చునేవాడు. ప్రొజెక్టరు పని చేసేవాణ్ణని తెలిసిన రోజు నుంచి నన్ను "మిషను సారూ" అని పిలిచేవాడు. అందులో వెక్కిరింత లేదు. అతని లెక్కలో సినిమాకు సంబంధించిన మనుషులు ఇద్దరే: కిందపడేవాడు, ఆ పడటాన్ని ఊరూరా చూపించేవాడు.

ఒకసారి సామాను పెట్టె మోయడానికి తోడుగా నరసరావుపేట వచ్చాడు. బస్టాండు నుంచి మా షాపుకు చేరేసరికి బజారులోని ప్రతి మేడ ముందూ ఆగాడు. ఒకదానికి చూరు ముందుకు పొడుచుకొచ్చిందన్నాడు. ఇంకొకదాని కింద మురుగుకాలువ ఉంది, దూకేవాడి కింద అట్టపెట్టెలు పరవడానికి చోటు లేదన్నాడు. మూడంతస్తుల లాడ్జి మాత్రం నచ్చింది. దాని ముందు అంతసేపు తల ఎత్తి నిలబడితే మేనేజరు బయటికి వచ్చి, రూము కావాలా అని అడిగాడు.

"రూమొద్దయ్యా. పైన నీళ్ల ట్యాంకు ఏ మూలనుందో చెప్పు, చాలు."

మేనేజరు నా వైపు తిరిగి, ఊళ్లో ట్యాంకుల దొంగలు కూడా తయారయ్యారన్నమాట అని లోపలికి పోయాడు. అతను నవ్వాడు. నవ్వి, ట్యాంకు పడమటి మూలన ఉంటే పొద్దుటి ఎండలో షాటు బాగా వస్తుందని నాకు వివరించాడు.

"దూకటం ఎవుడైనా దూకుతాడు సారూ. పడటమే పని" అనేవాడు. పడటం గురించి అతను మాట్లాడే తీరు చెక్కపని గురించి వడ్రంగి మాట్లాడినట్టు ఉండేది. భుజం ఎప్పుడు లోపలికి మడవాలి, గడ్డం ఎప్పుడు రొమ్ముకు ఆనించాలి, ఊపిరి ఎక్కడ వదలాలి. భయం సంగతి అడిగితే విసుక్కునేవాడు. తాను ఎవరి బదులు దూకాడో ఆ హీరోను ఒక్కసారైనా ఏకవచనంలో అనలేదు. ఎప్పుడూ "హీరో గారు". తన కాలు విరిగినప్పుడు ఆయన ఇంకో స్టూడియోలో ఉన్నారని, ఆయనకు ఎవరూ చెప్పి ఉండరని అనేవాడు. నేను వాదించేవాణ్ణి కాదు.

అతని నాన్న సాగర్ డ్యాము కట్టే రోజుల్లో కూలికి వచ్చి విజయపురి సౌత్‌లో నిలబడిపోయినవాడు. ఇతను పెళ్లయ్యాక కూడా అక్కడి రాతిపనుల్లో తాడు కట్టుకుని దిగే పని చేశాడు. ఒక సినిమా యూనిట్టు పాట తీయడానికి వచ్చి, గట్టు మీంచి నీళ్లలోకి దూకేవాడు కావాలంటే ఇతను దూకాడు. ఫైట్ మాస్టరు మద్రాసు రమ్మన్నాడు. మూడేళ్ల తర్వాత కుంటుతూ తిరిగి వచ్చాడు. అతని గతం గురించి నాకు తెలిసింది ఇంతే. మిగిలినదంతా ఒక్క దూకు గురించే.

ఆ దూకును అతను చెప్పే పద్ధతే అతని కొంప ముంచింది.

టీకొట్టాయన వయసులో పెద్దవాడు. ఇతను బాబాయ్ అని పిలిచేవాడు. ఆయన రోజూ కావాలని అడిగేవాడు, ఏ మేడ మీంచి దూకావని. ఇతను రోజూ ఒక్కలాగే చెప్పేవాడు.

"ఎక్కింది ఆ పెద్ద మేడ బాబాయ్. దూకింది కోడంబాకం అవతల కడతన్న ఇంకో మేడ. పడింది గోడౌను చూరు మీంచి."

"మా ఊళ్లో ఒక్క మేడ మీంచి దూకితేనే చస్తారబ్బాయ్. నువ్వు మూడింటి మీంచి దూకి ఒక్క కాలు ఇరగ్గొట్టుకున్నావంటే మొనగాడివే."

బల్ల మీదివాళ్లు నవ్వేవారు. అతను చెప్పింది అక్షరాలా నిజం. అంత ఎత్తు నుంచి మనిషిని ఎవరూ దూకనివ్వరు. పెద్ద మేడ పైకప్పు మీద నడవడానికీ పరుగెత్తడానికీ మాత్రమే అనుమతి దొరికింది. అక్కడ కెమెరా వెనక నుంచి తీసింది, వీపు తప్ప ఏమీ పడలేదు. రెండో మేడ దగ్గర కెమెరాను నేల మీద పెట్టి పైకి తిప్పారు. ఆకాశం, అందులో అంచు దాటిన మనిషి. మూడోచోట, గోడౌను పక్కన, నేలకు దగ్గరగా వచ్చే ముక్క. మూడింటినీ అతికితే తెర మీద ఒక్క మనిషి, ఒక్క మేడ, ఒక్క దూకు. పని చేసినవాడికి అవి మూడు వేర్వేరు రోజులు. అబద్ధం చెప్పదలచినవాడైతే పద్నాలుగు అంతస్తుల మీంచి దూకాననేవాడు. పల్నాడు ఆ మాటను తేలిగ్గా నమ్మేది. ఇతను ఉన్నది ఉన్నట్టు చెప్పి అబద్ధాలకోరు అనిపించుకున్నాడు.

కాలు విరిగింది మూడోచోట. కింద పరిచిన ఖాళీ అట్టపెట్టెల అంచు కెమెరాలో పడుతోందని చివరి నిమిషంలో వాటిని కాస్త వెనక్కి జరిపారు. అది అతనికి చెప్పలేదు. గాలిలో ఉండగా పెట్టెలు ఉండవలసిన చోట లేకపోవడం చూసి, అవి ఎక్కడున్నాయోనని తల తిప్పాడు. తల తిప్పడంతో భుజం గతి తప్పింది, కాలు పెట్టెల అవతల పడింది. ఆ తిప్పిన తల కెమెరాకు ఎదురుగా వచ్చింది. అర సెకను కూడా ఉండదు, ముఖం పడింది. అతని కాలు విరగడానికీ అతని ముఖం ఫిలిం మీద మిగలడానికీ కారణం ఒకటే. మళ్లీ తీయడానికి అతను పనికిరాడు గనుక ఉన్న ముక్కనే వాడుకున్నారు.

ఆ అర సెకను మీద అతని సంసారం ఆధారపడి ఉండేది.

అతను మద్రాసులో ఉన్నంతకాలం భార్య పుట్టింట్లో, గురజాల దగ్గరి పల్లెలో, అన్న దగ్గర ఉంది. మిరపకాయల లారీతో మద్రాసు వెళ్లొచ్చిన ఒకడు, ఇతను ఎవరి ఇంటికో కన్నం వేయబోయి గోడ మీంచి పడ్డాడని ఊళ్లో చెప్పాడు. ఇతను తిరిగి వచ్చి నిజం చెబితే, ఆ మూడు మేడల లెక్క విని ఎవరూ నమ్మలేదు. భార్య అన్న నాపరాళ్ల క్వారీలో మేస్త్రీ. బండను సుత్తితో తట్టి, మోగిన తీరును బట్టి లోపల పగులుందో లేదో చెప్పే మనిషి. చెడ్డవాడు కాడు. చెల్లెలి మొగుడు దొంగ అయితే ఆమె దొంగ పెళ్లాం అనిపించుకుని బతకాలన్న భయం అతనిది. పదిమంది ముందు ఒకే ఒక మాట అన్నాడట: "సినిమా మాచర్ల రానీ బావా. తెర మీద నీ మొకం చూస్తా. చూసినరోజే నా చెల్లెల్ని నా ట్రాక్టరు మీద తెచ్చి దించుతా."

అందుకే అతను సైకిల్ స్టాండులో పనికి కుదిరాడు. ఆ హీరో బొమ్మ ఏనాటికైనా వచ్చేది ఆ హాలుకే. గుంటూరులో ఆడి, నరసరావుపేటలో ఆడి, పెద్ద ఊళ్లన్నీ తిరిగి, గీతలు పడి మాచర్ల చేరడానికి నెలలు పట్టేది. అతను వారం వారం మేనేజరును అడిగేవాడు. మేనేజరు వారం వారం, వస్తుందిలేవయ్యా అనేవాడు.

వచ్చింది. కొత్త రెక్టిఫయరు ఎలా పనిచేస్తుందో చూడటానికి నేను మొదటి ఆటకు కేబిన్‌లో ఉన్నాను. దూకు వచ్చినప్పుడు హాలంతా ఈలలు. కేబిన్ రంధ్రంలోంచి చూస్తే, నేల క్లాసులో గోడకు ఆనుకుని నిలబడి అతను తల వంచుకున్నాడు. ఆ ఈలలు వేరొకరివని అతనికి తెలుసు. అయినా గుళ్లో శఠగోపం కింద తల వంచినట్టు వంచాడు.

ఆట అయ్యాక కేబిన్ మెట్లెక్కి వచ్చాడు. ఆ రీలును తిప్పే బల్ల మీద పెట్టి, వెనక బల్బు వెలిగించి, భూతద్దం ఇచ్చాను. వరసగా ఉన్న ఆ బొమ్మల్లో ముఖం స్పష్టంగా ఉంది. విగ్గు జారి సొంత జుట్టు కూడా కనిపిస్తోంది. అతను చాలాసేపు చూశాడు. సంతోషిస్తాడనుకున్నాను.

"కళ్లు మూసుకున్నా సారూ" అన్నాడు. "మాస్టరు ఎన్నిసార్లు చెప్పాడో, కళ్లు మూయొద్దురా అని."

మర్నాడే బావకు, అంటే భార్య అన్నకు, కబురు పంపాడు. అమావాస్యకు వస్తామని జవాబు వచ్చింది. క్వారీకి ఆదివారం సెలవు లేదు, పండగల సెలవూ అంతంతమాత్రమే. ఒక్క అమావాస్య నాడే సుత్తి ముట్టరు. అమావాస్య దాకా బొమ్మ ఉంటుందా అని నన్ను అడిగాడు. నేను మేనేజరును అడిగి, ఉంటుందని చెప్పాను. ఇక అతను చేయవలసిందల్లా అప్పటిదాకా నోరు మూసుకుని ఉండటం.

అది అతని వల్ల కాలేదు. ముందు టీకొట్టాయనకు చెప్పాడు, అన్నాళ్ల నవ్వులకు సమాధానంగా. తర్వాత స్టాండులో సైకిల్ పెట్టిన ప్రతివాడికీ చెప్పాడు. గొప్పలు పోయి ఉంటే ఎవరూ పట్టించుకోకపోదురు. అతను చెప్పేది కొలతలతో సహా. నీళ్ల ట్యాంకు దాటాక చూడమనేవాడు. అంచు దాటి కిందికి వచ్చేటప్పుడు తెరకు ఎడమ పక్కన, కాలరు పైన కన్ను నిలపమనేవాడు. రెప్ప వేయొద్దనేవాడు. మామూలు కంటికి అందని ఆ ముఖాన్ని చూడటం అతను మాచర్లకు ఓపికగా నేర్పాడు. నాలుగైదు రోజుల్లో ఊరంతా చూడగలిగింది.

మొదట చూసింది అవతలి హాల్లో బొమ్మ ఆడుతున్న ఇంకో హీరో అభిమానులు. టిక్కెట్లు కొని గుంపుగా వచ్చి, సరిగ్గా ఆ క్షణానికి "డూపు, డూపు" అని అరవడం మొదలుపెట్టారు. ఒక ఆటలో కుర్చీలు విరిగాయి. రోడ్డు మీద ఈ హీరో అభిమానులు తల ఎత్తుకోలేని పరిస్థితి వచ్చింది. వాళ్ల సంఘం ప్రెసిడెంటు ఒక టైలరు. నిదానస్తుడు. జెండాలు, తోరణాలు తన మిషను మీదే కుట్టేవాడు. ఒకరోజు మధ్యాహ్నం సైకిల్ స్టాండుకు వచ్చాడు. నేను అక్కడే ఉన్నాను.

ఎక్కడ కొడతాడోనని నేను అనుకుంటుండగా, టైలరు టీ తెప్పించి ఇతనికి ఇచ్చాడు. ఇక ఎవరికీ చెప్పవద్దన్నాడు. ఇతను ఒప్పుకున్నాడు. ఒప్పుకుని, అమావాస్య నాడు భార్యా బావా వస్తున్నారని, వాళ్లు చూస్తే చాలునని, తన కథంతా అరమరికలు లేకుండా చెప్పేశాడు. టైలరు పూర్తిగా విన్నాడు.

"నువ్వే దూకావని నాకు మొదటాటకే తెలుసన్నా" అన్నాడు. "అబద్ధమైతే నవ్వి ఊరుకునేవోణ్ణి. నిజమయ్యేసరికే వచ్చింది తంటా. నీకు నీ ఆడమనిషి కావాల. మాకు మావోడు కావాల."

గ్లాసు బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు. ఆ మాటను ఇతను ఒక ఒప్పందంగా తీసుకున్నాడు. మంచి కుర్రాడని నాతో అన్నాడు. నేను ఆ సాయంత్రం వేరే హాలు పని మీద గురజాల వెళ్లాను. తిరిగి వచ్చింది అమావాస్య రోజు పొద్దున.

అతను ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకున్నాడు. ట్రాక్టరు హాలు ముందు ఆగింది. బావ పెద్ద మనిషి, సున్నపు దుమ్ము చెవుల వెనక ఎప్పటికీ పోనివాడు. అతని భార్యను నేను చూడటం అదే మొదలు. ఆమె భర్త ముఖం వైపు ఒకసారి, కాలి వైపు ఒకసారి చూసి, ఆడవాళ్ల బెంచీల వైపు వెళ్లిపోయింది. ఆమె తెచ్చుకున్న సంచీ ఒకటి ట్రాక్టరులోనే ఉంది. బట్టలు సర్దుకునే వచ్చిందన్నమాట. బావ, ఇతను పక్కపక్కన కూర్చున్నారు. నేను పైకి వెళ్లాను.

కేబిన్‌లో ఆపరేటరు నా ముఖం చూడలేదు. ఆ రీలు మిషనెక్కింది. తెర మీద పెద్ద మేడ వచ్చింది. కెమెరా నెత్తి నుంచి పాదాల దాకా దిగింది. పైకప్పు మీద హీరో, అంటే ఇతని వీపు, ట్యాంకు పక్కగా నడిచి, అంచు చూసుకుని, పరుగు అందుకున్నాడు. అప్పుడు మిషన్‌లో "టక్" మని ఒక చప్పుడు వినిపించింది. ఫిలింను కోసి, అంచు గీకి, ఫిలిం సిమెంటు అనే జిగురుతో అతికిన చోటు పళ్లచక్రం మీదుగా పోయేటప్పుడు వచ్చే చప్పుడు అది. ఆ రీలులో ఆ చోట అంతకుముందు అది లేదు. చప్పుడు నా చెవిన పడేసరికి తెర మీద హీరో నేల మీద నిలబడి కాలరు దులుపుకుంటున్నాడు.

"నన్నడక్కు" అన్నాడు ఆపరేటరు. "టైలరోళ్లు తెర చించుతామంటే మేనేజరు కొయ్యమన్నాడు. కోశా."

ముక్క ఎక్కడుందని అడిగాను. మొన్న సాయంత్రం హాలు ముందు హీరో కటౌటుకు హారతి ఇచ్చారని, ఆ పళ్లెంలో కర్పూరం మీద వేశారని చెప్పాడు. పాత రకం ఫిలిం అయితే భగ్గున మండిపోయేది. ఇది మండదు. ముడుచుకుని, కరిగి, కంపు కొడుతుంది. కొబ్బరికాయ కొట్టే దాకా కంపు పోలేదట.

ఆట పూర్తి కాకముందే ముగ్గురూ బయటికి వచ్చారు. నేను మెట్లు దిగి వెళ్లేసరికి బావ ట్రాక్టరు పక్కన నిలబడి ఉన్నాడు. గొంతులో కోపం లేదు.

"పరిగెత్తేదాకా చూశా బావా. తర్వాత హీరో గారు నేల మీదున్నారు. మధ్యలో నువ్వు యాడున్నావ్?"

"కోసేశారు బావా. నిన్నా మొన్నే కోసినట్టున్నారు."

"ముందు మూడు మేడలన్నావు. ఇప్పుడు కోసేశారంటన్నావు."

నేను కల్పించుకుని, ఆ ముఖాన్ని నా కళ్లతో చూశానని, భూతద్దం పెట్టి చూశానని చెప్పాను. బావ చేతులు జోడించినంత మర్యాదగా విన్నాడు. చదువుకున్నవారి మాట కాదననని అన్నాడు. అయితే ఊరికి పోయాక పదిమందీ అడిగితే, తాను చూడలేదు, సారు చూశారట అని చెప్పాలా అన్నాడు. ఇంటి దగ్గర ముసలితల్లి ఉంది, ఆమెకేం చెప్పాలన్నాడు. నేను బయటివాణ్ణి. నా సాక్ష్యం ఆ పల్లె పొలిమేర దాటదు.

చెల్లెలు ట్రాక్టరు చక్రం వైపు చూస్తూనే అంది:

"పైన నడిచింది ఆయనేనన్నా."

"మొకం చూశావా?"

"వీపు చూశా. నడిచేటప్పుడు ఎడం చెయ్యి ఊగదాయనకి. కుడిదే ఊగుద్ది. మడమ ముందు ఆనుద్ది. పెళ్లైనకాణ్ణించి ఆ వీపెనకాలేగా నేను నడిచింది. నాకు తెలవదా."

అతను ఆమె వైపు చూసిన చూపు నేను రాయలేను. బావ న్యాయమైన మనిషి గనుక ఆ మాటను తోసిపుచ్చలేదు.

"అయితే నడువు బావా, చూస్తా."

అతను చెప్పులు విడిచాడు. హాలు ముందు చదునైన చోటు చూసుకుని, వీపు మాకు పెట్టి నిలబడ్డాడు. పళ్లు బిగించి, విరిగిన కాలు మీద బరువు పూర్తిగా మోపి, నడుము కుంగకుండా నాలుగడుగులు వేశాడు. ఎడమచేయి కదలలేదు. మడమ ముందు ఆనింది. తెర మీది నడకే అది. గీతకు గీత సరిపోయింది. అయిదో అడుగుకు కాలు పక్కకు ఒరిగింది. గోడ పట్టుకుని ఆగాడు. చెమటకు తెల్లచొక్కా వీపుకు అంటుకుపోయింది.

"అదే" అంది ఆమె. "అదేనన్నా."

బావ తల అడ్డంగా ఊపాడు. చెల్లెలి భుజం మీద చేయి వేశాడు.

"అది హీరో గారి నడక చెల్లే. ఆ బొమ్మ ఆడిన ఊరల్లా పిల్లకాయలు అట్టాగే నడుస్తన్నారు. మా క్వారీలో బండలు మోసే యెదవలు కూడా ఎడం చెయ్యి ఊపటంలే. ఈనా చానాసార్లు చూసినట్టున్నాడు, నేర్చుకున్నాడు."

ఇందులో అబద్ధం లేదు. నేను గురజాలలో చూశాను, నరసరావుపేట కాలేజీ గేటు దగ్గర చూశాను. అది ఎవరి నడకో తెలిసిన నాకు కూడా, అంతదాకా ఆ సంగతి తట్టలేదు. అతని ముఖాన్ని కోసి కాల్చినవాళ్లు నడకను ముట్టుకోలేదు. ముట్టుకోనవసరం లేకపోయింది. దాన్ని అప్పటికే ఊళ్లన్నీ హీరో పేరు మీద పంచుకున్నాయి. సొంతదారు నడిచి చూపిస్తే నకలు చేస్తున్నట్టుంది.

ఆమె ట్రాక్టరు ఎక్కింది. సంచీ ఒళ్లో పెట్టుకుంది. దిగమని అతను అనలేదు, దిగుతానని ఆమె అనలేదు. వచ్చే అమావాస్యకు ఇంకో ఊళ్లో కోయని బొమ్మ ఆడుతుంటే కబురు పెట్టమని బావ చెప్పాడు. మాట తప్పే మనిషి కాదు, అతని ఉద్దేశం నిజమే. అయితే జిల్లాలో ఆ ప్రాంతానికి వచ్చిన ప్రింటు అదొక్కటే. ఇకమీదట అది ఎక్కడ ఆడినా ఆ అతుకుతోనే ఆడుతుంది. ఆ సంగతి బావకు తెలియదు. మా ఇద్దరికీ తెలుసు. ఇద్దరమూ చెప్పలేదు.

ట్రాక్టరు మలుపు తిరిగే వేళకు ఆట విడిచారు. కుర్రాళ్లు గుంపులుగా బయటికి వచ్చారు. ఒకడి వెనక ఒకడు, ఎడమచేయి కదపకుండా, మడమ ముందు ఆన్చి, రొమ్ము విరుచుకుని సైకిల్ స్టాండు వైపు నడిచారు. అతను చెప్పులు వెతికి తొడుక్కుని, కుంటుకుంటూ వాళ్ల మధ్యలోంచి వెళ్లి సైకిళ్లు ఒక్కొక్కటే బయటికి తీయసాగాడు. వెనక వరసలో నిలబడ్డ ఒకడికి ఓపిక నశించింది.

"కాస్త సరిగ్గా నడువన్నా, బస్సు పోద్ది" అన్నాడు.